నౌకలో మిగిలిన ముప్ఫై అయిదు బిళ్ళలు

దిగిన 9వ రోజు

పొద్దున మా ఇంటికి కరెంటు పెట్టెలు మూడు వచ్చాయి. మూడూ వాడేశాం. సాయంత్రం ఉమ్మడి గదికి ఖాళీ పెట్టెలు మూడు ఇచ్చాను. నీళ్లు నాలుగు బిందెలు. పైన ఎండ నలభై ఏడు.

ఎండ నెలలు మొదలై గనిలోకి దిగిన రోజు నుంచి మళ్లీ పైకెక్కే రోజు దాకా, ఏడేళ్లుగా ఈ పుస్తకంలో ఇవే రాస్తున్నాను. ఈ ఏడాది ఇంకో పని చేరింది. అదీ రాస్తాను.

మధ్యాహ్నం సుంకులక్క మమ్మల్ని మెట్ల దగ్గరికి పిలిచింది. మా పాత నాపరాయి గనిలో కిందికి అయిదు అంతస్తులు. ఎండ యాభై దాటే ఎర్ర రోజుల్లో ఫ్యాన్ల గదిలో కూర్చుని గాలి ఆగకుండా చూసే బాధ్యత అంతస్తుకొకరం చొప్పున మా అయిదుగురిది. మొదటి అంతస్తుకు సుంకులక్క. ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసింది. రెండోదానికి గిడ్డన్న; లారీ నడిపేవాడు. మూడోదానికి నేను. నాలుగోదానికి ప్రమీల టీచరు. అడుగున ఉన్న అయిదోదానికి హుసేన్‌బీ. మిషన్ మీద ఎంబ్రాయిడరీ చేస్తుంది.

గనుల మండలి నుంచి కాగితం వచ్చింది. సుంకులక్క దాన్ని స్టేజీల పేర్లు చదివినట్టు గట్టిగా చదివింది. పోయిన ఏడాది ఎర్ర రోజున అడుగు అంతస్తు ఫ్యాన్లు రెండు గంటలు ఆగాయి. ఈ ఏడాది ఒక్కసారి ఆగినా ఆ అంతస్తును మూసేస్తారు. అక్కడి పదకొండు కుటుంబాలను ఎక్కడ చోటుంటే ఆ గనికి పంచుతారు.

"పంచేదేంది? మేమేమన్నా శనక్కాయలా?" అంది హుసేన్‌బీ.

ఎవరమూ నవ్వలేదు. ఆ రెండు గంటల్లోనే హుసేన్‌బీ అత్త కాశింబీ చనిపోయింది. కాగితంలో ఆ మాట లేదు.

"పోయినేడు తప్పు మిషన్లది కాదక్కా," అంది ప్రమీల టీచరు. "అయిదుగురం ఒకేసారి అరిచినాం. ఎవరి మాటా ఎవరూ వినలే." చేతి సంచిలోంచి గోరంత మెమరీ కార్డు తీసింది. "నేను హాస్టల్లో ఉన్నప్పుడు దీన్ని ఆడేవాళ్లం. 'ఐదుగురి నౌక' అని. ఆకాశంలో పోయే ఓడ. అయిదుగురు అయిదు కంప్యూటర్ల ముందర కూసుంటారు. ఒకరి పని ఒకరికి కనపడదు. అడిగి తెలుసుకోవాల, చెప్పి చేయాల. ఎర్ర రోజులు వచ్చేలోపల మనం దీన్ని ఒక్కసారన్నా రేవుకు చేర్చాల."

"ఈ వయసులో వీడియో గేమా టీచరమ్మా?" అన్నాడు గిడ్డన్న. "మా ఆడది ఇనిందంటే నన్ను ఆ ఓడలోనే ఎక్కించి పంపిస్తాది."

"పంపనీలే. టికెట్టు నేను కొడ్తా," అంది సుంకులక్క.

దిగిన 10వ రోజు

పెట్టెలు మూడు, వాడినవి మూడు. ఎండ నలభై ఏడు.

ఇన్‌స్టాల్ చేసే పని నాకు అప్పగించారు. నా దగ్గర పుస్తకం ఉంది కాబట్టి. మొదట మా ఇంటిది. మావారు పని చేసిన బండల పాలిష్ ఫ్యాక్టరీలో బిల్లులు కొట్టిన కంప్యూటర్. వెనక మూత తీస్తే గుప్పెడు రాతి పొడి వచ్చింది. పాత పళ్ల బ్రష్షుతో మీటల సందులు తుడిచాను. గేమ్ ఎక్కడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఈలోగా పప్పు ఉడికింది.

దిగిన 11వ రోజు

సుంకులక్కది బస్టాండులో వేళలు చెప్పిన కంప్యూటర్. బస్టాండు మూసేసినప్పుడు స్పీకరుతో సహా ఇంటికి తెచ్చుకుంది. గేమ్ ఎక్కింది గానీ శబ్దం తగ్గించే మీట పని చేయదు. నౌక ఇంజిన్ మోత మొదలవగానే మొదటి అంతస్తులో చంటిపిల్లలందరూ లేచారు. స్పీకరుకు రెండు బొంతలు చుట్టాం.

గిడ్డన్నది లారీలో దారి చూపే డబ్బా. కీబోర్డు లేదు. వేలితో నొక్కాలి. గేమ్ ఎక్కింది. కానీ అందులో దారి చెప్పే ఆవిడ నోరు మూయించడం మాకు చేతకాలేదు. నక్షత్రాల మధ్యలో కూడా "ముందున్న మలుపులో ఎడమకు తిరగండి" అంటుంది.

"ఇరవై ఏండ్లు ఆమె మాట ఇని బతికినా. ఉండనీలే పాపం," అన్నాడు గిడ్డన్న.

టీచరు దగ్గర స్కూలు ట్యాబ్లెట్ ఉంది. తేలికగానే ఎక్కింది. ఒకటే ఇబ్బంది: బడి వేళలకు కట్టిపెట్టిన యంత్రం, సాయంత్రం నాలుగుకు దానంతట అదే మూసుకుంటుంది. కాబట్టి ఏ ఆటయినా నాలుగు లోపల ముగియాలి.

దిగిన 12వ రోజు

హుసేన్‌బీ ఎంబ్రాయిడరీ మిషన్ కంప్యూటర్ దగ్గర ఆగిపోయాం. స్థలం చాలదని చెప్పింది. లోపల రెండు వందల పన్నెండు డిజైన్లు ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచి చూశాం. నెమళ్లు, మామిడి పిందెలు, తీగలు. ఆమె "తీసెయ్" అంటే నేను తీసేసి, పుస్తకంలో గీత పెట్టాను. నూట తొంభై దాకా పోయాక ఒక దానిమ్మ పువ్వు వచ్చింది. రేకులు సమంగా లేవు.

"అది వద్దు వదినా."

"ఇది తీస్తే సరిగ్గా సరిపోతాది."

"మా అత్త గీసింది. కండ్లు కనపడనప్పుడు ఏలితో గీసింది. దానికి బదులు ఇంకేమన్నా తియ్."

వేరే మూడు తీశాం. గేమ్ ఎక్కింది. చివర్లో, ఈ యంత్రం మిగతావాటితో పూర్తిగా కలవదని ఎర్ర అక్షరాలతో ఒక మాట వచ్చింది. ఆడటానికి పనికొస్తుంది గానీ, ఆట అయ్యాక అందరి లెక్కా కలిపి చూపే పేజీ రాదట. ఎవరి లెక్క వాళ్ల తెరమీదే కనపడుతుంది.

"పోనీలే, దాంతో మనకేం పని?" అంది టీచరు. నేనూ అదే అనుకున్నాను.

దిగిన 15వ రోజు

పెట్టెలు మూడు, వాడినవి మూడు. ఎండ నలభై ఎనిమిది.

అయిదు వెర్షన్లు కలవడానికి మూడు రోజులు పట్టింది. ఈరోజు నౌక కదిలింది. పదకొండు నిమిషాలకు ముక్కలయింది.

ఎవరి ఇంట్లో వాళ్లం కూర్చుని గేమ్‌లోంచే మాట్లాడుకుంటాం. ఎవరి పని ఏమిటో రాసుకుంటాను. సుంకులక్క కెప్టెన్. గిడ్డన్న చుక్కాని. టీచరు కవచం, రాళ్లు వచ్చి తగలకుండా అడ్డు పెట్టాలి. హుసేన్‌బీ ఇంజిన్. నాది తొట్టి. మొదట్లో ఒక్కొక్కరికి ఇరవై బిళ్ళలు ఇస్తారు. బిళ్ళ అంటే ఇంధనం. తమ పనికి అవసరం లేనివి తొట్టిలో వేయాలి. ఎవరికి తక్కువైతే వాళ్లకు నేను తొట్టిలోంచి పంపాలి. ఎవరి చేతిలో ఎన్ని ఉన్నాయో రెండో మనిషికి కనపడదు. నలభై నిమిషాల్లో రేవు చేరాలి.

మొదటి ఆటలో సుంకులక్క "రైట్ రైట్" అంటే గిడ్డన్న అలవాటుకొద్దీ ముందుకు ఉరికించాడు. ఆమె చెప్పింది కుడికి తిప్పమని కాదు, ఆపమనీ కాదు. ఊరికే నోటికి వచ్చిన మాట అట. ఎదురుగా రాయి.

దిగిన 17వ రోజు

పందొమ్మిది నిమిషాలు.

దిగిన 18వ రోజు

ఇరవై ఆరు నిమిషాలు. ఇప్పుడు ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లం ఆగుతున్నాం. హుసేన్‌బీ రెండు ముక్కల్లో చెప్పడం నేర్చుకుంది: "ఇంజిన్, నాలుగు కావాల." నేను "పంపినా" అంటాను. అంతే. మావారు తలుపు దగ్గర నిలబడి విని, "ఇంట్లో కూడా ఇట్లనే మాట్లాడితే ఎంత బాగుంటాది," అన్నారు. చారు తిరగమోతకు ఎల్లిపాయలు ఒలవమని చెప్పాను, రెండు ముక్కల్లోనే.

దిగిన 20వ రోజు

ముప్ఫై ఒక్క నిమిషాలు. రాళ్లన్నీ దాటాం. రేవు దీపాలు కనపడుతున్నాయి. అప్పుడు హుసేన్‌బీ గొంతు: "ఇంజిన్, ఎనిమిది కావాల."

తొట్టిలో సున్నా.

"తొట్టి ఖాళీ," అన్నాను.

"ఎవరన్నా వేయండమ్మా తొట్టిలో!" అంది సుంకులక్క.

"నా దగ్గర యాడివి? కవచానికే చాలడం లేదు," అంది టీచరు.

"చుక్కానికీ అంతే," అన్నాడు గిడ్డన్న. "అరవై మీటర్ల తరువాత మీ గమ్యం వస్తుంది," అంది ఆయన డబ్బాలోని ఆవిడ.

నౌక ఆగిపోయింది.

దిగిన 22వ రోజు

అదే చోట. అదే దీపాలు. తొట్టి ఖాళీ.

సుంకులక్కకు కోపం వచ్చింది. యంత్రం అవసరం లేకుండానే ఆమె గొంతు మూడో అంతస్తుకు వినపడింది. "ఏమ్మే సంజమ్మా, తొట్టి చూసేది నువ్వు. ఏడేండ్ల సంది పుస్తకం రాస్తాండావు గదా, ముందుగాలే లెక్క చూసుకోవద్దా? ఎవరికి ఎన్ని పోసి పారేస్తివి?"

ఇంటి లెక్క తప్పు పోయిందని ఇంతవరకూ నన్ను ఎవరూ అనలేదు.

పెట్టెలు మూడు, వాడినవి మూడు.

దిగిన 23వ రోజు

ఈరోజు ఆట మళ్లీ అదే చోట ఆగింది. తెరలు ఆపవద్దని అందరికీ ముందే చెప్పాను. పుస్తకం పట్టుకుని బయలుదేరాను. తొట్టి లెక్కలో నా తప్పు లేదని చూపించాలన్నదే నా ఉద్దేశం. అందరి లెక్కా ఒక్కచోట రాదు కాబట్టి ఇంటింటికీ వెళ్లి, ఆ తెర మీద చివరి వరుస రాసుకోవాలి.

మొదట సుంకులక్క ఇల్లు. తెర మీద: మిగిలిన బిళ్ళలు, ఆరు.

"ఇవేంటికి తొట్టిలో వేయలేదక్కా?"

"కెప్టెన్ దగ్గర ఆమాత్రం ఉండొద్దా? ఎందుకైనా మంచిదని పెట్టుకున్నా."

గిడ్డన్న దగ్గర తొమ్మిది. "సీటు కింద ఒక క్యాను డీజిలు లేకుండా నేనెప్పుడూ బండి తియ్యలేదమ్మా. ఎందుకైనా మంచిది గదా."

టీచరు దగ్గర ఏడు. ఆమె ట్యాబ్లెట్‌కు వెల్లుల్లి వాసన వస్తున్న చేయి అడ్డం పెట్టింది. "ఇంకో రాయి వస్తాదేమోనని. ఎందుకైనా..." అని ఆపేసింది.

హుసేన్‌బీ దగ్గర అయిదు. ఇంజిన్ ఆగిపోతోందని ఎనిమిది అడిగిన మనిషి దగ్గరే అయిదు.

"అన్నీ కాల్చేస్తే ఆమీద ఏం చేయాల వదినా?" అంది.

ఇంటికి వచ్చి నా తెర చూసుకున్నాను. తొట్టి సున్నా. అది కాకుండా నాకు వేరుగా ఇచ్చిన ఇరవైలో ఎనిమిది. వాటిని నేను ఏ ఆటలోనూ తాకలేదు. అవి ఉన్నాయన్న సంగతి కూడా ఎవరితోనూ అనలేదు. లెక్కలోకి రాని వాటిగా చూశాను.

ఆరు, తొమ్మిది, ఎనిమిది, ఏడు, అయిదు. ముప్ఫై అయిదు.

నౌక ఆగిన చోటు నుంచి రేవుకు కావలసినవి ఇరవై రెండు.

దిగిన 24వ రోజు

పెట్టెలు మూడు. ఎండ యాభై.

ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

దిగిన 26వ రోజు

రాయాలి.

మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక, గోనెపట్టా కింద రెండు నిండు పెట్టెలు ఉన్నాయి. ఒక్కొక్కటి ఇటుకంత. పక్కన చిన్న కిటికీలో ఎంత ఛార్జి ఉందో కనపడుతుంది. గనిలోకి దిగిన మొదటి వారంలోనే పక్కన పెట్టాను. వాటికి బదులు మా అత్తగారి కాలం నాటి ఖాళీ పెట్టెలు ఉమ్మడి గదికి తిరిగి ఇచ్చాను. ఊరికే ఉంచితే ఛార్జి తగ్గుతుంది కాబట్టి పదిహేను రోజులకోసారి పాతవి వాడి కొత్తవి పెడతాను. పుస్తకంలో మాత్రం ఆ మొదటి వారమంతా "వాడినవి మూడు" అనే ఉంది. మా అమ్మ ఇలాగే చేసేది. నాకు తెలిసిన ఆడవాళ్లెవరూ ఇంట్లో ఉన్నదంతా పైన పెట్టరు.

ఉమ్మడి గదికి వాడకుండా తిరిగి వచ్చే పెట్టెలు దేనికో నాకు తెలియనిది కాదు. మామూలు రోజుల్లో అడుగు ఫ్యాన్లు పైన ఉన్న సోలార్ పలకల మీద తిరుగుతాయి. ఎర్ర రోజున పలకలే కాలిపోతాయని మధ్యాహ్నం నాలుగు గంటలు ఆపేస్తారు. అప్పుడు ఆ ఫ్యాన్లకు ఆధారం ఉమ్మడి గదిలో మిగిలిన పెట్టెలే. గంటకు మూడు.

పోయిన ఏడాది పుస్తకం తీశాను. ఎర్ర రోజు, దిగిన 41వ రోజు. ఫ్యాన్లు ఆగింది రెండు గంటలు. అంటే తగ్గినవి ఆరు పెట్టెలు. ఆ రోజు నా పేజీలో "పెట్టెలు మూడు, వాడినవి మూడు, కాశింబీ పోయింది" అని ఉంది. గోనెపట్టా కింద ఆ రోజు కూడా రెండు ఉన్నాయి. పుస్తకంలో అది లేదు.

నౌకలో అయిదుగురమూ దాచాం. ఇళ్లల్లో మాత్రం నేనొక్కదాన్నే దాచి ఉంటానా?

దిగిన 28వ రోజు

పొద్దున మండలి హెచ్చరిక: రేపు ఎర్ర రోజు. యాభై మూడు.

ఉమ్మడి గదిలో నిండువి ఏడు. కావలసినవి పన్నెండు.

సుంకులక్క అందరినీ మెట్ల దగ్గర కూర్చోబెట్టింది. గంటన్నర గాలి తక్కువ పడుతుంది, తడి గుడ్డలు సిద్ధం చేయండి, ముసలివాళ్లను పైకి తెండి అంటోంది. అడుగు అంతస్తు నుంచి మూడో అంతస్తుకు నూట పది మెట్లు. కాశింబీని పోయిన ఏడాది అరవయ్యో మెట్టు దాకా తేగలిగారు.

నేను లేచి ఇంటికి వెళ్లి రెండు పెట్టెలూ తెచ్చాను. అందరి ముందూ మెట్టు మీద పెట్టాను.

"ఇవి యాడివి?" అంది సుంకులక్క.

"మా ఇంట్లోవి. దాచినవి."

మెట్ల పక్కన గోడకు నీళ్ల వంతులు రాసే నల్ల బండ ఉంది. సుద్దముక్క తీసుకుని 'దాచినవి' అని రాసి, కింద 'సంజమ్మ, మూడో అంతస్తు, రెండు' అని రాశాను. అక్షరాలు బాగానే వచ్చాయి.

"ఇంత లెక్కల మనిషివి, నువ్వేనా?" అన్నారెవరో వెనక నుంచి.

"నేనే. మొన్న ఆటలో తొట్టి ఎందుకు ఖాళీ అయిందో ఇంటింటికీ తిరిగి రాసుకున్నా గదా. అయిదుగురి దగ్గరా కలిపితే ముప్ఫై అయిదు. ఇరవై రెండు చాలు. ఓడ నిండా పెట్టుకుని ఓడ పోగొట్టుకున్నాం."

గిడ్డన్న మెడ గోక్కున్నాడు. "అది ఆట గదమ్మా. ఈడ నేను తీసిపెడితిననుకో, తక్కినోళ్లు పెట్టకపోతే? నా ఇంట్లో చీకటి, ఆయప్ప ఇంట్లో ఎలుగు."

"నీ ఇంట్లో ఎన్నున్నాయి గిడ్డన్నా?"

"నేను ఉన్నాయని చెప్పినానా?"

"నాలుగున్నాయి!" అంది గుంపులోంచి ఆయన భార్య. "నా పెండ్లి చీరల కింద పెట్టినాడు. చీరలు తీసుకోనీడు."

అప్పుడు నవ్వారు. అంతసేపూ బిగదీసుకుని ఉన్నవాళ్లందరూ నవ్వారు. సుంకులక్క నవ్వలేదు. "నాయి మూడు. రాయమ్మే," అంది. "ముప్ఫై ఏండ్లు బస్సులో వెనక్కు జరగండి, చోటుంది, చోటుంది అని అరిచినా. నా కాడ చోటు లేదంటి."

టీచరు ఒకటి. గిడ్డన్న నాలుగు.

మా నలుగురివే పది. తగ్గింది అయిదు.

రాస్తుండగా వెనక చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే కింది మెట్ల మీద హుసేన్‌బీ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. బండ మీద అక్షరాలు చదువుతోంది. ఆమె మెల్లగా చదువుతుంది. నా పేరు దగ్గర ఆగింది.

"వదినా. పోయినేడు కూడా ఉన్నాయా?"

మెట్ల మీద యాభై మంది ఉన్నారు. వాడేశామని చెప్పవచ్చు. నా పుస్తకంలో అలాగే ఉంది.

"ఉన్నాయి. రెండు."

సుంకులక్క నా పక్కన నిలబడింది. "నాయి కూడా ఉన్నాయి హుసేన్‌బీ. ఎన్నో గుర్తు లేదు. ఉన్నాయి."

హుసేన్‌బీ కొంగు తల మీదికి లాక్కుని కిందికి దిగిపోయింది. నూట పది మెట్లూ ఆమె చెప్పుల చప్పుడు వినపడింది.

సాయంత్రానికి నల్ల బండ నిండిపోయింది. కొందరు పేరు రాయవద్దని పెట్టె మాత్రం ఇచ్చారు. కొందరు వేరేవాళ్ల పిల్లలతో పంపారు. మొత్తం నలభై ఒకటి.

దిగిన 29వ రోజు. ఎర్ర రోజు

పైన యాభై మూడున్నర.

పన్నెండుకు పలకలు ఆపేశారు. అయిదుగురం ఫ్యాన్ల గదిలో ఉన్నాం. హుసేన్‌బీ వస్తుందో రాదో అనుకున్నాను. అందరికంటే ముందే వచ్చి తన బల్ల ముందు కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు.

"అయిదో అంతస్తు, మూడు కావాల," అంది.

"పంపినా," అన్నాను.

నాలుగు గంటలూ అంతే మాట్లాడుకున్నాం. ఎవరూ అరవలేదు. ఒకటిన్నరకు రెండో ఫ్యాను వేడెక్కింది. గిడ్డన్న దాన్ని నెమ్మది చేసి మూడోదానికి గాలి తిప్పాడు. రెండున్నరకు నాలుగో అంతస్తు నుంచి ఎవరో వచ్చి తమకు గాలి తగ్గిందన్నారు; టీచరు, "తగ్గించింది నేనే, పది నిమిషాలు ఓర్చుకోండి, కింద బాలింత ఉంది," అని పంపేసింది. మూడుంబావుకు సుంకులక్క నీళ్లు తాగమని అందరికీ గుర్తు చేసింది.

నాలుగుకు పలకలు మళ్లీ మొదలయ్యాయి. గాలి ఆగిందీ లేనిదీ మండలి వాళ్ల యంత్రం ముల్లుతో గీసే కాగితం చూశాం. అడుగు అంతస్తు గీత ఎక్కడా తెగలేదు.

వాడినవి పద్నాలుగు, ఫ్యాను వేడెక్కినందుకు రెండు ఎక్కువ. మిగిలినవి ముప్ఫై నాలుగు. అన్నీ ఉమ్మడి గదిలోనే ఉన్నాయి. ఆ గదికి ఇప్పుడు తలుపు తీసే ఉంచుతున్నాం. దారిన పోయేవాళ్లు లోపలికి తొంగిచూసి లెక్కపెట్టుకుని పోతున్నారు.

దిగిన 31వ రోజు

పెట్టెలు మూడు. వాడినవి రెండు. తిరిగి ఇచ్చినది నిండుది ఒకటి. దాచినవి లేవు. ఈ వరుస ఈరోజు నుంచి కొత్తగా రాస్తున్నాను.

మధ్యాహ్నం నౌక రేవు చేరింది. ముప్ఫై ఎనిమిది నిమిషాలు. చివరన తొట్టిలో సున్నా, అయిదుగురి చేతుల్లో సున్నా. సుంకులక్క "దిగండి దిగండి, అందరూ దిగండి" అంది. గిడ్డన్న డబ్బాలోని ఆవిడ గమ్యం వచ్చిందని చెప్పింది. హుసేన్‌బీ తన యంత్రం ఆపేసింది.

మూడున్నరకు ఆమె మా ఇంటికి వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. కొంగు కింద ఏదో పట్టుకుని ఉంది. తీసి చూపించింది. పెట్టె.

"మొన్న బండ మీద నేను రాయలే," అంది.

"రాయకపోతే ఏమాయె. కూర్చో."

"పోయినేడుది వదినా ఇది. ట్రంకులో ఉండె. ఫ్యాన్లు ఆగినప్పుడు తీసినా. చిన్న ఫ్యాను ఉంది గదా నా మిషన్‌ది, దానికి పెడ్తామని. మా అత్త వద్దనె. 'ఇంకా చెడ్డపొద్దు వస్తాదే, అప్పటికి ఉండనీ' అనె. చెయ్యి పట్టుకొని మరీ అనె. సరేలే అని లోపల పెట్టేసి, ఆమెను మెట్లెక్కించినా."

ఆమె చేతిలో పెట్టె కిటికీ నా వైపు తిరిగి ఉంది. అందులో నూటికి నాలుగు అని ఉంది.

"నిండుగా పెట్టినా," అంది. "నిన్న తీసి చూస్తే నాలుగు. ఏడాది పాటు ముట్టుకోలే. ముట్టుకోబుద్ధి కాలే. దానంతట అదే పాయె."

మార్చుకుంటూ ఉండాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. నేను నావి మార్చుకుంటూ వచ్చాను.

ఇద్దరం కిందికి వెళ్లాం. నూట పది మెట్లు. అరవయ్యో మెట్టు దగ్గర ఆమె ఆగలేదు. నేనూ ఆగలేదు. కాశింబీ గదిలో చిన్న ఫ్యాను మిషన్ పక్కనే ఉంది. పెట్టెను దానికి తగిలించింది. మొదట తిరగలేదు. వేలితో రెక్కను ఒకసారి నెట్టింది. తిరిగింది.

ఖాళీ మంచం మీద దుప్పటి అంచు ఊగుతుంటే ఇద్దరం నిలబడి చూశాం. ఫ్యాను ఆగిపోయాక ఆమె పెట్టె తీసి, కొంగుతో తుడిచి, ఉమ్మడి గదికి ఇమ్మని నా చేతిలో పెట్టింది.

"ఎంతసేపు తిరిగె వదినా?"

"తొమ్మిది నిమిషాలు."

"రాసుకో," అంది.

దాచినవి: కాశింబీ, అయిదో అంతస్తు, ఒకటి.
వాడినవి: ఒకటి. తొమ్మిది నిమిషాలు.